ఇంటర్ పిల్లలకు ఇన్సులిన్ పంపా, పెన్నా: ఏది మేలు?

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల అమ్మానాన్నలు మా నర్సులను ముందుగా అడిగేది ఇదే: "పంప్ పెట్టిస్తే ఇక ఈ తిప్పలు తప్పుతాయా?" పెన్ను అంటే పెన్నులా ఉండే ఇన్సులిన్ సూది; పంప్ అంటే ఒంటికి తగిలించుకునే, రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఇచ్చే చిన్న మెషిన్. పంప్‌తో సూదిపోట్లు తగ్గుతాయి. రోజుకు నాలుగైదు సార్లు పొడుచుకునే బదులు, రెండు మూడు రోజులకోసారి కాన్యులా (చర్మం కింద ఉండే సన్నని గొట్టం) మారిస్తే సరిపోతుంది. పని మాత్రం తగ్గదు. ఎంత తింటున్నారో లెక్కగట్టి, తినే ముందు బోలస్ (తిండికి సరిపడా ఇన్సులిన్ డోసు) నొక్కాల్సింది పిల్లలే. పెన్ను మర్చిపోయే పిల్లాడు బోలసూ మర్చిపోతాడు.

పంప్ గొప్పతనం తెల్లవారుజామున తెలుస్తుంది. ఈ వయసులో ఎదుగుదల హార్మోన్ల వల్ల నాలుగు, ఐదు గంటలకే షుగర్ ఎక్కడం మొదలవుతుంది. దానికోసం పెన్నుతో రాత్రి వేసే లాంగ్ యాక్టింగ్ (చాలా గంటలు పనిచేసే) ఇన్సులిన్ పెంచితే, అర్ధరాత్రి షుగర్ పడిపోయి పిల్లలు చెమటలతో లేస్తారు. పంప్‌లో అయితే ఆ కాసేపటికే డోసు పెంచుకోవచ్చు. తిండి డోసు కూడా అంతే. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఉదాహరణకు డాక్టర్ 10 గ్రాములకు 1 యూనిట్ అని చెప్పి ఉంటే 4.5 యూనిట్లు కావాలి. మామూలు పెన్ను 4 లేదా 5 ఇస్తుంది, పంప్ సరిగ్గా 4.5 ఇస్తుంది.

అయితే పంప్‌కు పెద్ద ప్రమాదం ఒకటుంది. పెన్ను వాడే పిల్లల ఒంట్లో లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ రోజంతా ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది. పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. కాన్యులా మడతపడినా, ఆటలో ఊడినా కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒంట్లో కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు) పెరుగుతాయి. కడుపునొప్పి, వాంతులు చూసి "తిన్నది అరగలేదేమో" అని జీలకర్ర నీళ్లు తాగిస్తూ కూర్చోకండి. షుగర్ 250 దాటి, కరెక్షన్ బోలస్‌కు (ఎక్కిన షుగర్‌ను దించే డోసుకు) కూడా దిగకపోతే మళ్లీ పంప్‌నే నమ్ముకోవద్దు. కీటోన్లు చూసి, డాక్టర్ చెప్పిన డోసు పెన్నుతో వేసి, సెట్ (కాన్యులా, దాని ట్యూబు) మార్చాలి. వాంతులు ఆగకపోయినా, కీటోన్లు బాగా పెరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే పంప్ ఉన్న ఇంట్లోనూ పెన్ను ఉండి తీరాలి.

ఇక హాస్టల్ సంగతి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే. రాత్రి రెండింటికి పంప్ అలారం మోగితే చూసే పెద్దవాళ్లు ఉన్నారా? వార్డెన్‌కు కీటోన్లంటే తెలుసా? లేకపోతే నేను పెన్నుకే ఓటేస్తాను. ఇంట్లో ఉండి చదువుతూ, అన్నం కొలిచి లెక్కవేసే అలవాటున్న పిల్లలకు, అందులోనూ రాత్రిళ్లు తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు, పంపే మేలు. ఇంకొక మాట: పిల్లలకే ఇష్టం లేకపోతే బలవంతంగా పెట్టించకండి. ఒంటికి మెషిన్ తగిలించుకుని తిరగడం ఆ వయసులో చిన్న విషయం కాదు. ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడి తీసి పక్కన పెట్టేస్తే అసలుకే ముప్పు.

ఖర్చు సంగతికొస్తే పంప్ లక్షల్లో ఉంటుంది, ఆపైన నెలనెలా సెట్లు, రిజర్వాయర్లు (పంప్‌లో ఇన్సులిన్ నింపే గొట్టాలు) కొనాలి. అంత పెట్టలేనివాళ్లు ఉన్న డబ్బుతో ముందు గ్లూకోజ్ సెన్సర్ (ఒంటికి అతికించుకుంటే షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపేది) కొనండి. పెన్నుతో పాటు సెన్సర్ వాడితే రాత్రి షుగర్ ఎటు పోతోందో కనిపిస్తుంది. పంప్ నిజంగా అవసరమా కాదా అన్నది కూడా ఆ గ్రాఫులు చూస్తే డాక్టర్‌కు తెలిసిపోతుంది.