పాత ఫ్రెంచ్ ఎచింగ్‌కు విశాఖలో ఫ్రేము: మౌంటు భేష్, వెనకభాగం దగ్గరే జాగ్రత్త

చెరసాలలో ఖైదీ, అతనికి కబురు మోసుకొచ్చిన దూత. ఇది 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఎచింగ్, అంటే రాగిరేకు మీద గీతలను ఆమ్లంతో కొరికించి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ. ఆ రేకు (ప్లేటు) కొలత 19 × 14 సెం.మీ. డాబాగార్డెన్స్‌లోని ఒక ఫ్రేముల దుకాణం దీనికి మౌంటు (బొమ్మ చుట్టూ వచ్చే, మధ్యలో కిటికీలా కోసిన అట్ట) వేసి ఫ్రేము కట్టింది. సగం పని నిజంగా మెచ్చుకోదగ్గది. మిగతా సగం దగ్గరుండి మార్పించుకోవాలి.

ముందు కాగితం సంగతి. ఇది నారబట్టల పీలికలతో చేసినది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సుమారు 25 మి.మీ. ఎడంతో గీతలు, వాటికి అడ్డంగా దగ్గరదగ్గరగా సన్నగీతలు కనిపిస్తాయి. కలపగుజ్జు కాగితంలా దానంతటది పసుపెక్కి పెళుసుబారదు. దానికి చేటు చేసేవి వెనక పెట్టే చౌక అట్ట, సెల్లోటేపు, చెమ్మ. విశాఖలో చెమ్మకు కొదవ లేదు కదా.

మౌంటుకు పూర్తి పత్తి అట్ట వాడారు. కిటికీని ప్లేటు గుర్తుకు, అంటే రేకు అంచులు కాగితం మీద వేసిన పల్లానికి, చుట్టూ 6 మి.మీ. బయటికి కోశారు. చాలా దుకాణాలు బొమ్మ అంచుదాకా కోసేస్తాయి. అప్పుడు కింద ఎడమన ‘ఇన్వెనిట్’ అని బొమ్మ కల్పించినవాడి పేరు, కుడిన ‘స్కల్ప్‌సిట్’ అని చెక్కినవాడి పేరు మూతపడిపోతాయి. బొమ్మను పైఅంచున రెండే చోట్ల, జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో వేలాడదీశారు. ఇదే సరైన పద్ధతి. చెమ్మకు కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగు వైపులా అతికిస్తే ఉబ్బి అలలు తేలుతుంది. జిగురు మాత్రం గట్టిగా ఉండాలి, పలచనైతే నీటిమరక పడుతుంది.

కాగితం కొంచెం వంపుగా ఉంటే హాట్ ప్రెస్‌లో బోర్డుకు అతికించేద్దామని కౌంటరు దగ్గర అంటారు. ససేమిరా ఒప్పుకోవద్దు. తడిపిన కాగితాన్ని రాగిరేకు మీద పరిచి ప్రెస్సులో నొక్కినప్పుడు పడిన పల్లమే ప్లేటు గుర్తు. వేడి బరువు కింద అది చదునైపోతుంది. అతికిన బోర్డు మళ్లీ క్షేమంగా ఊడిరాదు.

అద్దం విషయంలో ఈ బొమ్మకు ఒక ప్రత్యేకత ఉంది. చెరసాల చీకటంతా ఆమ్లం చేసిన పనే. లేత గీతలు కాసేపు కొరికాక వాటి మీద వార్నిష్ పూసి, ముదురు గీతలను ఇంకా సేపు ఆమ్లంలో ఉంచుతారు. ఆ నలుపుల తేడాల్లోనే ఖైదీ, గోడ, తలుపు విడివిడిగా తెలుస్తాయి. కిటికీకి ఎదురుగోడన మామూలు అద్దంతో వేలాడదీస్తే ఆ చీకటి భాగమంతా మన ముఖమే కనిపిస్తుంది. గరుకు మ్యాట్ అద్దం గీతలను మసకబారుస్తుంది. ప్రతిబింబం తగ్గించే పూత ఉన్న, అల్ట్రావయొలెట్ ఆపే అక్రిలిక్ షీటు అడగండి, దుకాణం తెప్పించి ఇస్తుంది.

లోపాలు రెండు. ఒకే పొర మౌంటు కావడంతో అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ 1.5 మి.మీ. కూడా లేదు. ఏసీ వేసి ఆపే గదిలో కాగితం ఉబ్బి అద్దాన్ని తాకితే అక్కడే బూజు మొదలవుతుంది. రెండు పొరలు వేయించాలి. ఇక వెనక ఎండిఎఫ్ (చెక్కపీచును జిగురుతో నొక్కి చేసిన) చెక్క నేరుగా పెట్టి, ఇనుప మేకులు కొట్టారు. చెక్కలోని ఆమ్లం కాగితంలోకి పాకుతుంది, ఉప్పుగాలికి మేకులు తుప్పెక్కి మరకలు పెడతాయి. అడిగితే మధ్యలో పాలిస్టర్ ఫిల్ము, ఇత్తడి మేకులు వేశారు, దానికి అదనంగా తీసుకున్నారు. అడక్కముందే చేయాల్సిన పని ఇది.

తగిలించేటప్పుడు ఫ్రేము కింది మూలలకు రబ్బరు బొడిపెలు అంటించి గోడకు గాలి ఆడనివ్వండి. సముద్రం వైపు గోడ వద్దు, ఎండ తగిలే గోడ అసలే వద్దు. వానాకాలం వెళ్లగానే వెనక టేపు విప్పి, కాగితం అంచుల్లో గోధుమరంగు చుక్కలు, సిల్వర్‌ఫిష్ పురుగులు కొరికిన జాడలు ఉన్నాయేమో చూసి మళ్లీ మూయించండి.