జోనీ మిచెల్ ‘మింగస్’ ఆల్బమ్: ఏళ్ళ తరబడి విన్నాక నా రివ్యూ

జాజ్‌లో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం) అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అమెరికన్ వాద్యకారుడు, స్వరకర్త చార్లెస్ మింగస్. ఆయనకి నివాళిగా వచ్చిన ట్రిబ్యూట్ ఆల్బమ్స్‌లో నేను వదలకుండా వింటున్నది 1979లో కెనడా గాయని జోనీ మిచెల్ చేసిన ‘మింగస్’. మొదట సీడీలో విన్నా, తర్వాత ఎల్పీ రికార్డు కూడా కొన్నా, ఇప్పటికీ కొన్ని పాటలు నాకు పూర్తిగా అందలేదు, అందుకే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నానేమో.

నేపథ్యం తెలిస్తేనే ఇది ఎక్కుతుంది. మింగస్‌కి ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడిపోయే నరాల జబ్బు వచ్చి వీల్‌చెయిర్‌కి పరిమితమైపోయాడు, బేస్ వాయించలేడు, చేత్తో స్వరాలు రాయలేడు. ఆ టైంలో జోనీని పిలిపించి, తను కట్టిన కొత్త ట్యూన్లకి నువ్వు మాటలు రాసి పాడు అన్నాడు. 1979 జనవరి 5న మెక్సికోలోని క్వెర్నవాకాలో పోయాడు, 56 ఏళ్ళు. ఆయన కోరిక ప్రకారమే భార్య సూ అస్థికలు మన దేశానికి తెచ్చి గంగలో కలిపింది. ఆల్బమ్‌లో పాటలన్నీ ఆయన విన్నాడు, ఒక్కటి తప్ప, ‘గాడ్ మస్ట్ బీ ఎ బూగీ మ్యాన్’. అది జోనీ పూర్తి చేసేసరికే ఆయన లేడు.

ఆ పాటే నాకు అన్నిటికన్నా ఇష్టం. మింగస్ ఆత్మకథ ‘బినీత్ ది అండర్‌డాగ్’ మొదట్లోనే తనలో ముగ్గురు మనుషులున్నారని చెప్పుకుంటాడు, ఒకడు మధ్యలో నిలబడి ఊరికే చూస్తుంటాడు, ఇంకొకడు భయపడి మీద పడే జంతువు లాంటివాడు, మూడోవాడు అందర్నీ ప్రేమించి మోసపోయేవాడు. జోనీ దాన్నే పాట చేసింది. మింగస్ సంగీతం కోపంగా ఉంటూనే ఎందుకంత మెత్తగా అనిపిస్తుందో నాకు ఈ పాటతోనే తెలిసింది.

ఇక బేస్ సంగతి. ఒక డబుల్ బేస్ దిగ్గజం మీద ట్రిబ్యూట్ చేస్తూ అందులో డబుల్ బేస్ పెట్టలేదు, జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లెస్ (మెడ మీద మెట్లు లేని) ఎలక్ట్రిక్ బేస్ గిటార్ వాయించాడు. జాజ్ వినేవాళ్ళలో చాలామందికి ఇది నచ్చదు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వినగా వినగా నాకు ఇదే కరెక్ట్ అనిపించింది. ఆయన వాయించలేని ఆల్బమ్‌లో ఆయనలా వాయించే ఇంకొకర్ని పెడితే ప్రతి నోట్‌కీ పోల్చుకుంటూ కూర్చునేవాళ్ళం. జాకో అసలు ఆ దారికే పోలేదు, జోనీ గొంతు పక్కన రెండో గొంతులా సాగదీసి పాడిస్తాడు బేస్‌ని. పైన వేన్ షార్టర్ సాక్సోఫోన్ అప్పుడో మాట ఇప్పుడో మాట అన్నట్టు వచ్చి పోతుంది, హెర్బీ హాన్‌కాక్ ఎలక్ట్రిక్ పియానో, డ్రమ్స్ పీటర్ ఎర్స్‌కిన్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం దయచేసి వినొద్దు, జాకో సగం మాయమైపోతాడు. మంచి హెడ్‌ఫోన్స్ ఉండాలి, అదీ రాత్రి పూట అయితే ఇంకా బాగుంటుంది.

మొత్తం పదకొండు ట్రాక్స్, వాటిలో ఐదు పాటలు కావు, చిన్న చిన్న టేప్ ముక్కలు. పుట్టినరోజు పార్టీ, ఆయన తన అంత్యక్రియల గురించి మాట్లాడటం, జోనీతో కలిసి సరదాగా స్కాట్ చేయడం (అర్థం లేని శబ్దాలతో పాడటం) ఇలాంటివి. చాలామంది వీటిని స్కిప్ చేస్తారు, నేనూ ముందు అంతే, ఇప్పుడు మాత్రం అవి లేకుండా ఈ ఆల్బమ్ ఊహించలేను. బేస్ లేకపోయినా మనిషి ఉన్నాడు కదా అందులో, ఆ బొంగురు గొంతు, ఆ మొండితనం అన్నీ ఉన్నాయి.

‘ఎ చెయిర్ ఇన్ ది స్కై’, ‘స్వీట్ సకర్ డాన్స్’ నిదానంగా ఎక్కుతాయి, పల్లవి మళ్ళీ వస్తుంది పట్టుకుందాం అని చూస్తే దొరకదు, ట్యూన్ ఎటు తిరుగుతుందో ఊహించలేం. ‘ది డ్రై క్లీనర్ ఫ్రమ్ డెమోయిన్’ అయితే ఫుల్ ఎనర్జీ, లాస్ వేగాస్‌లో పట్టిందల్లా గెలిచే ఒక డ్రై క్లీనర్ కథ, హార్న్స్ (ఊదే వాయిద్యాల) అరేంజ్‌మెంట్ జాకోదే, అదిరిపోతుంది. నాకు కుదరనిది ‘ది వుల్ఫ్ దట్ లివ్స్ ఇన్ లిండ్సే’. నిజం తోడేళ్ళ అరుపులు, తీగల మీద కొట్టే గిటార్, విడిగా గొప్ప పాటే, కాకపోతే ట్యూన్ మింగస్‌ది కాదు, విషయమూ ఆయనది కాదు, నడుమ తెగిపోయినట్టు ఉంటుంది.

చివరి ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ వినేముందు 1959 నాటి మింగస్ ఆల్బమ్ ‘మింగస్ ఆ అమ్’లో ఒరిజినల్ తప్పకుండా వినండి. అది మింగస్ తన ముందుతరం సాక్స్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ పోయినప్పుడు కట్టింది, అంటే ఇది నివాళి మీద నివాళి. జోనీ అందులో లెస్టర్ బతుకు, జాత్యహంకారంతో అతను పడ్డ బాధ, చివర్లో న్యూయార్క్ వీధిలో డాన్స్ చేస్తున్న పిల్లలు, అన్నీ ఒక్క పాటలో పెట్టింది.

కొనేవాళ్ళకి చెప్పేది, దొరికితే ఎల్పీయే తీసుకోండి, కవర్ మీద పెయింటింగ్స్ అన్నీ జోనీ వేసినవే, సీడీ సైజులో వాటి అందం పోతుంది. డబుల్ బేసే కావాలి అనుకుంటే ఇది మీకు కాదు, నేరుగా మింగస్ రికార్డులకే వెళ్ళండి. 1992లో హాల్ విల్నర్ చేసిన ‘వియర్డ్ నైట్‌మేర్’ అనే ఇంకో ట్రిబ్యూట్ కూడా ఉంది, రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ కీత్ రిచర్డ్స్, చార్లీ వాట్స్ లాంటి వాళ్ళు, అమెరికన్ స్వరకర్త హ్యారీ పార్చ్ తయారుచేసిన వింత వాయిద్యాలు, సౌండ్ పరంగా దీనికన్నా చాలా సాహసం. నేను దాన్ని అప్పుడప్పుడు వింటాను, దీన్ని మాత్రం వదల్లేను.