180 అంటే 180 కాదు: మూడు వేసవులు వాడిన ఓటీజీ

ఈ ఓటీజీ, అంటే కేకులూ బిస్కెట్లూ చేసుకునే చిన్న కరెంటు ఓవెన్, దాని మీద నాకున్న కోపమంతా దాని వేడి నాబ్ మీదే. లీటర్లు, వాట్లు, రాడ్లు అన్నీ డబ్బా మీదే ఉంటాయి, చూసుకోవచ్చు. నాబ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. చెన్నైలో మూడు వేసవులు వాడాను కాబట్టి నేను చెప్తున్నాను.

కొన్న ఏడాది తెగ పొగిడాను. పిల్లలకి సెలవులివ్వగానే వారానికి రెండుసార్లు జీలకర్ర బిస్కెట్లో, రవ్వ కేకో, బంగినపల్లి గుజ్జు కేకో ఏదో ఒకటి చేసేదాన్ని. నెల్లూరులో ఉన్న మా వదినకి ఫోన్ చేసి మరీ ఇదే మోడల్ కొనిపించాను. కేకు పైన పగిలినా, అంచులు గట్టిపడినా ఎండ మీద తోసేసేదాన్ని. ఎండ పాత్ర కూడా కొంత ఉంది లెండి. వెన్న, చక్కెర నురగలా గిలక్కొట్టాలంటే వెన్న 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మా వంటింట్లో అది గిన్నెలో వేసిన కాసేపటికే నెయ్యిలా జారిపోతుంది. అందుకే వేసవంతా నూనె కేకులే చేస్తాను. బిస్కెట్ పిండినైతే అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే ట్రేలో పేరుస్తాను, లేకపోతే అన్నీ పరుచుకుని ఒకదానికొకటి అంటుకుపోతాయి.

పోయిన ఏడాది మేలో, ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనే రోజుల్లో, అన్నయ్యవాళ్లు పినాకిని రైల్లో వచ్చారు. సాయంత్రానికి కాఫీ కేకు, కోల్డ్ కాఫీ ఇద్దామనుకున్నాను. రాత్రే ఫిల్టర్‌లో చిక్కటి డికాక్షన్ దించి, వేడిగా ఉండగానే చక్కెర కరిగించి, సగం ఐసు ట్రేలో పోశాను. మామూలు ఐసు వేస్తే రెండో గుక్కకే కాఫీ నీళ్లయిపోతుంది, డికాక్షన్ ముక్కలైతే కరిగేకొద్దీ చిక్కబడుతుంది. మిగతా సగంలో అర కప్పు కేకు పిండిలోకి. నాబ్ 180 డిగ్రీల దగ్గర పెట్టి, టైమరు 35 నిమిషాలకి తిప్పాను.

ఇరవై నిమిషాలకే హాల్లోకి మాడు వాసన వచ్చింది. తలుపు తీస్తే పైభాగం నల్లగా అట్టకట్టి, మధ్యలో పగిలి ఉంది. టూత్‌పిక్ గుచ్చితే పచ్చి పిండి అంటుకొచ్చింది. పైన ఫాయిల్ కప్పి, నాబ్ 150కి తగ్గించి ఇంకో పావుగంట ఉంచాను. బయటికి తీశాక నడుమ గుంటపడింది. పిల్లలందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. అంచులు కోసి పెట్టాను, మిగతాది పారేయాల్సి వచ్చింది. ఏడుపొచ్చింది నాకు.

మా వదిన ఆ అంచు ముక్క తింటూ అంది, "మా ఇంట్లో దీనికి పూర్తిగా తలకిందులు. ఎంతసేపు పెట్టినా తెల్లగానే ఉంటుంది, ఉడకదు. నా చేతికే కేకు రాదనుకున్నాను ఇన్నాళ్లూ." ఏడాది పొడుగునా ఫోన్లో ఆవిడకి నేను చెప్పిందల్లా "పిండి ఇంకాస్త గిలక్కొట్టు వదినా" అనే.

ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు ఐదారు వందలకి దొరుకుతుంది. వాళ్లుండగానే తెప్పించాను. ఖాళీ ఓటీజీలో మధ్య అరలో పెట్టి, నాబ్ 180కి తిప్పి ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. ముల్లు 215 దాకా పోయాక గానీ ఎర్ర లైటు ఆరలేదు. కిందికి దిగి, 185 దగ్గర మళ్లీ వెలిగింది. నాబ్ వెనక రెండు లోహాలు కలిపిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగి, రెండోది తక్కువ సాగి, పట్టీ వంగి కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. అది ఉండేది పక్క గోడలో. మధ్యలో కేకు టిన్ను దగ్గర ఎంత వేడుందో దానికి తెలిసే వీల్లేదు. వదిన థర్మామీటరు నెల్లూరు పట్టుకెళ్లి వాళ్ల దాంట్లో చూసి ఫోన్ చేసింది. అదే కంపెనీ, అదే మోడల్, అదే 180: అక్కడ 160 కూడా దాటలేదట.

సర్వీస్‌కి చెప్తే ఒకబ్బాయి వచ్చి, నాబ్ తిప్పి చూసి, ఇవన్నీ ఇలాగే ఉంటాయమ్మా అని వెళ్లిపోయాడు. అప్పుడు నా గోళ్ల రంగుతో నాబ్ మీద 160 దగ్గర చుక్క పెట్టుకున్నాను. అదే మా ఇంటి 180. వదిన చుక్క 205 దగ్గర ఉంది. ఈ వేసవిలో ఇద్దరం ఒకే కొలతలతో చేస్తున్నాం, ఇద్దరికీ వస్తోంది.

అయితే ఆ చుక్క కూడా పొద్దునపూటకే పనికొస్తుంది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ వేశాక మా స్టెబిలైజర్‌లో ఓల్టేజీ 200 కనిపిస్తుంది. రాడ్ వేడి ఓల్టేజీ వర్గాన్ని (ఓల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది కాబట్టి, 230 దగ్గర 1500 వాట్లిచ్చేది 200 దగ్గర 1130 చిల్లరే ఇస్తుంది. ముందు వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. అందుకని ఐదున్నరకి లేచి, ఇల్లు వేడెక్కకముందే కేకు తీసేస్తాను. చల్లారిన కేకు సాయంత్రానికి ఇంకా బాగుంటుంది, ముఖ్యంగా కాఫీ కేకు.

కోల్డ్ కాఫీకి ఇంకో మాట. కాఫీపొడి కొట్లో చికోరీ ఎంత కలపమంటారని అడిగితే వేడి కాఫీకి వద్దంటాను గానీ, దీనికి మాత్రం 20 శాతం కలపమంటాను. పాలు, ఐసు పడ్డాక కూడా ఆ చిక్కదనం నిలుస్తుంది. చక్కెర కూడా వేడి కాఫీ కంటే ఒక చెంచా ఎక్కువే పడాలి, చల్లటిదాంట్లో తీపి తక్కువగా తెలుస్తుంది.

మొదట్లో ఓటీజీ ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువని అందరికీ చెప్పాను. బిస్కెట్లకి, రస్కులకి, కూరగాయలు కాల్చుకోవడానికి ఇప్పటికీ అదే మాట. కేకుల కోసమే అయితే థర్మామీటరు ఖర్చు కూడా కలుపుకోండి, మొదటి రెండు కేకులు పరీక్షకి పోయాయనుకోండి. తెల్లవారుజామున లేచే అలవాటు నాకుంది కాబట్టి సరిపోతోంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బేక్ చేసేవాళ్లకి, అదీ మా వీధిలాంటి ఓల్టేజీ ఉన్నచోట, కొనమని నేను చెప్పలేను. వదినకి మాత్రం నచ్చింది. పోయిన ఆదివారం నెల్లూరు నుంచి కాఫీ కేకు ఫొటో పంపింది, పైన ఒక్క పగులు లేదు.