డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు. వారిలో ఒక తల్లీకూతుళ్ల కథను 14 నిమిషాల లఘుచిత్రంగా తీశాను. తల్లి ముఖం తీసినప్పుడు మండే ఎండ, కూతురి వైపు కెమెరా తిప్పేసరికి నల్లమబ్బు. రెండు షాట్లనూ పక్కపక్కన పెడితే వేర్వేరు రోజుల్లో తీసినట్లు ఉన్నాయి. వాటిని ఒకే పూటగా మార్చింది డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్.

కర్నూలులో మా ఇంట్లోనే, దీనితోనే నాలుగేళ్లలో ఆరు చిత్రాలు పూర్తి చేశాను. ఒక్క రూపాయి కట్టలేదు. గడువు లేదు, ఉచిత వెర్షన్‌లో ఉన్న పనిముట్లు వాడినంత వరకు బొమ్మ మీద వాటర్‌మార్క్ పడదు. పూర్తయిన వీడియోను 3840×2160 (4కె) సైజు వరకు బయటకు తీసుకోవచ్చు. ఎడిటింగ్, సౌండ్, సబ్‌టైటిల్స్ అన్నీ ఇందులోనే ఉన్నాయి.

నా మనసు దోచింది మాత్రం రంగులు సరిదిద్దే కలర్ పేజీ. ఇక్కడ పని నోడ్లుగా, అంటే ఒక్కో మార్పుకు ఒక్కో మెట్టుగా విడిపోతుంది. మొదటి నోడ్‌లో వెలుగు సరిచేస్తాను, రెండో దానిలో మట్టి ఎరుపును రెండు షాట్లలోనూ ఒకేలా కుదురుస్తాను, మూడో దానిలో ముఖం చుట్టూ వలయం గీసి అంతవరకే తేటపరుస్తాను. మనిషి కదిలితే ట్రాకర్ ఆ వలయాన్ని వెంట తీసుకెళ్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో చూడాలంటే ఆ ఒక్క నోడ్‌ను ఆపితే చాలు. కొత్తవారికి నా మాట ఒక్కటే: ల్యాప్‌టాప్ తెరను నమ్మవద్దు, వెలుగును, రంగును కొలిచి చూపే గ్రాఫులైన స్కోపులు చదవడం నేర్చుకోండి. నాకు ఆరు నెలలు పట్టింది. అప్పటి నుంచే నా చిత్రాలు చూడదగ్గవి అయ్యాయి.

ఉచిత వెర్షన్‌లో నాయిస్ తగ్గించే సదుపాయం లేదు, అది డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌కే పరిమితం. కొండారెడ్డి బురుజు దగ్గర రాత్రి ఫోనుతో తీసిన సన్నివేశం నిండా చుక్కలే. స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, నెలనెలా చందా ఉండదు. అయినా చేతిలో ఆ డబ్బు ఉంటే నేను ముందు మంచి లైటు, మైకు కొంటాను. చీకట్లో తీసి తర్వాత శుభ్రం చేయడం కన్నా వెలుగులో తీయడమే మేలు.

ఫోను వీడియోతో ఇంకో చిక్కుంది. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండదు, విడిగా రికార్డు చేసిన మాట కొన్ని నిమిషాలకే పెదవులకు దూరమవుతుంది. అలాంటి వీడియోను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, తర్వాతే టైమ్‌లైన్‌లో పెడతాను. రిజాల్వ్‌ను తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థవారిదే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ కూడా ఉచితమే. అందులో ఫ్రేమ్ రేటు, షట్టర్ ముందే బిగించుకోవచ్చు.

నా కంప్యూటర్‌లో ర్యామ్ 16 జీబీ. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) చేసుకోకపోతే 4కె వీడియో ఆగి ఆగి నడుస్తుంది.

మూడో చిత్రం చివరి దశలో హార్డ్‌డిస్క్ పాడైంది. షూట్ చేసిన ఫైళ్లు వేరే డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి, పన్నెండు రోజుల ఎడిటింగ్ మాత్రం పోయింది. ఇందులో ప్రాజెక్టు మన వీడియోల ఫోల్డర్‌లో ఉండదు, సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లో ఉంటుంది. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు పని ముగిసిన ప్రతి రాత్రీ ప్రాజెక్టును ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ చిన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచిన తర్వాతే నిద్రపోతాను.