పాత బండిలో స్టెబిలిటీ కంట్రోల్ లోపం: నాలుగేళ్లు వాడిన స్కానర్ గురించి

2021 వర్షాకాలంలో నా బండి మీటరు బోర్డులో పసుపు దీపం వెలిగింది. కారు బొమ్మ, దాని కింద జారినట్టు రెండు వంకర గీతలు. బండి జారితే సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్‌లో లోపం ఉందని దాని అర్థం. పక్కనే, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దీపం కూడా. బండి 2012లో కొన్న డీజిల్ ఎస్‌యూవీ, అప్పటికి లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసు సెంటరులో పది నిమిషాలు కంప్యూటర్ తగిలించి చూసి, చక్రాలకు బ్రేకు ఒత్తిడి పంచే హైడ్రాలిక్ యూనిట్ మొత్తం మార్చాలని, 92 వేలు అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. ఎందుకు మార్చాలని అడిగితే, కోడ్ వచ్చింది కాబట్టి అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. వారం తర్వాత పదహారున్నర వేలు పెట్టి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే, చేతిలో పట్టే స్కానర్ ఒకటి కొన్నాను. ఈ సమీక్ష దాని గురించే. ఈ ధరలో దొరికే పరికరాలు చాలావరకు ఇదే తీరులో పనిచేస్తాయి కాబట్టి, కంపెనీ పేరు కంటే వాడే పద్ధతి ముఖ్యమని నా అభిప్రాయం.

దీపం వెలిగినా బండి నడుస్తుంది కదా అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అలా అనుకోలేను. అంతకు రెండేళ్ల ముందు అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతుంటే, ఒక మలుపులో తడిసిన ఆకుల మీద బండి వెనుక భాగం పక్కకు జరిగింది. నేను ఏదైనా చేసేలోపే ఆ పసుపు దీపం రెండుసార్లు మిణుకుమంది, ముందు చక్రానికి బ్రేకు పడిన చప్పుడు కాళ్ల కింద వినిపించింది, బండి దారిలోకి వచ్చింది. వెనుక సీట్లో మా అమ్మ నిద్రపోతోంది. ఆ వ్యవస్థ పనిచేయకుండా ఆ ఘాట్ ఎక్కకూడదని ఆరోజే అనుకున్నాను.

ముందుగా ఒక మాట. వెయ్యి రూపాయలకు దొరికే బ్లూటూత్ రీడర్ ఈ పనికి సాధారణంగా పనికిరాదు. అది ఇంజనుకు సంబంధించిన పి అక్షరపు కోడ్‌లు చదువుతుంది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ లోపాలు సి అక్షరంతో మొదలవుతాయి, బండిలోని కంప్యూటర్ల మధ్య వైరింగ్ మీద జరిగే మాటామంతీలో లోపాలు యు అక్షరంతో. వాటిని చదవాలంటే మీ బండి తయారీ సంస్థ పద్ధతి ఆ పరికరానికి తెలిసి ఉండాలి. కొనేముందు దుకాణం వాళ్లను మీ బండికే తగిలించి, ఏబీఎస్ విభాగం తెరిచి చూపించమనండి. చూపించలేకపోతే కొనకండి.

నా స్కానర్ మొదటి రోజే చూపించిన కోడ్: కుడి ముందు చక్రం వేగం సెన్సర్, సంకేతం నమ్మదగినది కాదు. హైడ్రాలిక్ యూనిట్ ఊసే లేదు. సంతోషంతో 2,200 పెట్టి సెన్సర్ మార్పించాను. పది రోజులకు అదే దీపం, అదే కోడ్.

నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇక్కడే ఉంది. ఈ వ్యవస్థ నాలుగు చక్రాల వేగం, స్టీరింగ్ ఎంత తిప్పారు, బండి నిజంగా ఎంత తిరుగుతోంది, పక్కకు ఎంత నెట్టుకుంటోంది అన్నవన్నీ పోల్చి చూస్తూ ఉంటుంది. డ్రైవర్ కోరిన దిశకూ బండి వెళ్తున్న దిశకూ తేడా వస్తే అవసరమైన చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. అందులో ఒక్క లెక్క మిగతావాటితో పొసగకపోయినా, తప్పు బ్రేకు వేయడం కంటే మానుకోవడం మేలని పక్కకు తప్పుకుంటుంది. కోడ్ మనకు చెప్పేది ఎవరి లెక్క పొసగలేదో మాత్రమే. ఆ లెక్క ఎందుకు తప్పిందో చెప్పదు. సెన్సర్ చెడిందా, తీగ తెగిందా, చక్రంతోపాటు తిరుగుతూ సెన్సర్ చదివే వలయమే దెబ్బతిన్నదా అన్నది మనం వెతకాలి.

ఇక్కడే స్కానర్‌లోని లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు, ఉపయోగపడింది. మా లేఅవుట్ చివర ఇళ్లు లేని సిమెంటు రోడ్డు ఉంది. మా అమ్మాయి పక్క సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నేను నడిపాను. మొదట నలభైలో వెళ్లాం. నాలుగు అంకెలూ సమానంగానే కనిపించాయి, అప్పుడప్పుడు కుడి ముందుది తడబడింది. ఏమీ తేలలేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. ఈ స్కానర్ అన్ని వివరాలూ తెరిచి ఉంచితే సెకనుకు రెండుసార్లే అంకెలు మారుస్తుంది. నా చక్రం చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. నలభైలో అది సెకనుకు దాదాపు ఐదు చుట్లు తిరుగుతుంది. మధ్యలో జరిగేది తెరకు అందదు. మిగతా వివరాలన్నీ తీసేసి నాలుగు చక్రాల వేగమే ఉంచి, ఆరు కిలోమీటర్ల వేగంతో పాకించాను. అప్పుడు ఒక చుట్టుకు సెకనున్నర కంటే కాస్త తక్కువ పడుతుంది.

మా అమ్మాయి పైకి చదవడం మొదలుపెట్టింది. "ఆరు, ఆరు, రెండు. ఆరు, ఆరు, ఆరు, రెండు. నాన్నా, మళ్లీ రెండు."

అది లయ తప్పకుండా వస్తోంది. గుంతలో పడినప్పుడో, స్టీరింగ్ తిప్పినప్పుడో అంకె పడిపోతే తీగనో, తీగలు కలిసే కప్లర్‌నో అనుమానించాలి. నున్నటి రోడ్డు మీద చుట్టుకొకసారి పడిపోతుంటే, తిరిగే వస్తువులోనే ఒకచోట దెబ్బ ఉంది. నా బండిలో సెన్సర్ చదివేది చక్రం బేరింగ్ సీలులో ఉండే నల్లటి అయస్కాంత వలయాన్ని. పళ్లు కనిపించవు, చూడటానికి మామూలు రబ్బరు సీలులాగే ఉంటుంది. ఆ కుడి బేరింగ్‌ను ఎనిమిది నెలల ముందు బయట మార్పించాను. విప్పి చూస్తే వలయం మీద వేలిగోరంత సొట్ట. ప్రెస్ యంత్రంతో ఒత్తి ఎక్కించాల్సిన బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించారు. కొత్త బేరింగ్ 3,800, ప్రెస్ ఉన్న షాపులో కూలి 1,200. దీపం ఆరింది. ఆగబోయే క్షణంలో పెడల్ కింద గరగరమంటూ బండి ఒక అడుగు ముందుకు జారే జబ్బు కూడా పోయింది. ఆ చక్రం బిగుసుకుపోతోందని ఏబీఎస్ పొరబడి బ్రేకు వదిలేసేదని అప్పుడు అర్థమైంది. మీరు బేరింగ్ మార్పిస్తే దగ్గరుండి చూడండి. ఆ వలయం ఉన్న వైపు సెన్సర్ వైపే రావాలి. తిరగేసి ఎక్కిస్తే సెన్సర్‌కు ఏమీ అందదు.

నాలుగేళ్లలో ఈ పరికరం ఇంకా కొన్ని బళ్లకు ఉపయోగపడింది. మా బావగారి కారులో అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే దీపం వచ్చింది. తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ కోణం సున్నా చూపాలి, ఎనిమిది డిగ్రీలు చూపుతోంది. చక్రాలు సరిచేసి, స్టీరింగ్ సెన్సర్ సున్నాను మళ్లీ నేర్పలేదు. స్కానర్‌లో ఆ పని మూడు నిమిషాల్లో అయిపోయింది. పొరుగువారి బండిలో బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ పోయింది. నాలుగు వందల సరుకు. వెనుక బ్రేకు లైట్లు వెలగడం లేదని ఎవరూ గమనించలేదు.

ఇది నన్ను తప్పుదారి పట్టించిన సందర్భమూ ఉంది. 2023 చలికాలంలో నా బండిలో ఒకేసారి ఐదు కోడ్‌లు వచ్చాయి, అందులో మూడు యు అక్షరంవి. బండి తిరిగే వేగం కొలిచే యా సెన్సర్ పేరు పైన ఉంది. సీట్ల మధ్య కన్సోల్ విప్పి, ఆ సెన్సర్‌ను తీసి, ఒక ఆదివారం పూర్తిగా పోగొట్టుకున్నాను. అసలు జబ్బు బ్యాటరీది. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజి ఎనిమిదిన్నరకు పడిపోతోంది. అప్పటినుంచి ఒకేసారి చాలా కోడ్‌లు కనిపిస్తే మొదట మల్టీమీటర్ బ్యాటరీకి పెడుతున్నాను. టైర్లు కూడా చూస్తాను. మూడు అరిగినవి, ఒకటి కొత్తది ఉంటే వేగాల లెక్క అక్కడే తేడా వస్తుంది.

పరికరం లోపాలు చెప్పాలి. అప్‌డేట్లు రెండేళ్లే ఉచితం, ఆ తర్వాత ఏడాదికి నాలుగు వేలకు పైగా అడుగుతున్నారు. పాత బండి కాబట్టి నేను కట్టలేదు, ఇబ్బంది రాలేదు. తెర ఎండలో కనిపించదు. ఏబీఎస్ పంపు నడిపి బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలి తీసే సదుపాయం నా బండికి పనిచేసింది, మా బావగారి కారుకు పనిచేయలేదు. కేబుల్ తల వదులై 2024లో కొత్తది కొన్నాను. నడుపుతూ దీన్ని చూడకూడదు. ఒకరు నడపాలి, ఒకరు చదవాలి. పసుపు దీపాలతోపాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగితే స్కానర్ జోలికి పోకండి, బండి వెంటనే పక్కకు తీసి ఆపి బ్రేకు ఆయిల్ చూడండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవారికి స్కానర్ లేకపోయినా ఒక పరీక్ష ఉంది. తాళం తిప్పగానే ఈ పసుపు దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే లోపం లేదని కాదు, దీపం పోయి ఉండవచ్చు, లేదా దాన్ని ఎవరో కావాలనే చంపేసి ఉండవచ్చు. నా స్నేహితుడికి చూపించిన ఒక బండిలో సరిగ్గా ఇదే జరిగింది. స్కానర్ తగిలిస్తే ఏబీఎస్ విభాగంలో ఏడు కోడ్‌లు. అమ్మేవాళ్లకు ఇది తెలుసు, కొనేవాళ్ల పిల్లలు ఆ బండిలో కూర్చుంటారని కూడా తెలుసు. దీన్ని నేను క్షమించలేను.

ఇప్పుడు బండి 2 లక్షల 31 వేలు దాటింది. మాది విశాఖ, సముద్రపు గాలికి కప్లర్లలో పచ్చటి తుప్పు పడుతుంది. మొన్న జూన్‌లో ఎడమ వెనుక సెన్సర్ కోడ్ ఒకసారి వచ్చింది. ఈసారి ఏదీ కొనలేదు. కప్లర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రబ్బరు సీలు సరిగ్గా కూర్చోబెట్టి, కోడ్ చెరిపేశాను. అప్పటినుంచి రెండుసార్లు అరకు వెళ్లివచ్చాం, మళ్లీ రాలేదు.