కంప్యూటర్ ఆన్ చేస్తే వచ్చే మోత: విండోస్, మ్యాక్, మింట్ మీద నా రివ్యూ

తొలేళ్ల రాత్రి, అంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను ముందు రోజు, విజయనగరంలో మా ఇంట్లో పదమూడు మందిమి ఉన్నాం. సిరిమాను చూడ్డానికని బొబ్బిలి నుంచి చెల్లి వాళ్లు, సాలూరు నుంచి అత్తయ్య వాళ్లు వచ్చారు, హాలంతా చాపలూ దుప్పట్లే. రాత్రి రెండింటికి మా వాడు ఒక మూల కూర్చుని కొత్త గేమింగ్ లాప్‌టాప్ ఆన్ చేశాడు. కత్తి దూసినట్టు ఒక శబ్దం, దాని వెనకే దబ్బుమని ఇంకోటి. చెల్లి కూతురు, ఎనిమిది నెలల గుంట, కెవ్వుమంది. అమ్మ దిగ్గున లేచి "ఏట్రా అది, గ్యాస్ గానీ పేలిందేటి?" అంది.

పొద్దున్నే విండోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టార్టప్ సౌండ్ టిక్ తీసేశాం. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే కత్తి, అదే దబ్బు. గంటస్తంభం దగ్గర నెట్ సెంటర్ పెట్టుకుని ఇన్నేళ్లుగా సిస్టమ్స్ మధ్య బతుకుతున్న నాకే అర్థం కావడానికి అరగంట పట్టింది. ఆ మోత విండోస్‌ది కాదు. విండోస్ లేవకముందే, తెర మీద కంపెనీ లోగో పడ్డప్పుడు లాప్‌టాప్ తనంతట తను చేసేది. దాన్ని ఆపాలంటే ఆ కంపెనీ వాళ్ల యాప్‌లోకి గానీ, ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లోకి గానీ వెళ్లాలి. అక్కడ ఎక్కడో అడుగున ఉంది చిన్న స్విచ్చు. కంపెనీ పేరు ఎందుకులెండి. కొన్నప్పుడు షాపువాడు ఆర్జీబీ లైట్లు పది రకాలుగా మార్చి చూపించాడు, ఈ ఒక్కటీ చెప్పలేదు.

మా షాపుకొచ్చే వాళ్లూ ఇక్కడే తికమక పడతారు. ఆన్ చేశాక వచ్చే శబ్దాలన్నీ ఒకరివే అనుకుంటారు. మొదటిది లోపలున్న మదర్‌బోర్డుది, రెండోది విండోస్‌ది, మూడోది లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్‌ది. ఎవరి మోత వాళ్ల దగ్గరే ఆపాలి. బోర్డు వేసే పాత బీప్‌ని మాత్రం ఆపొద్దనే నేను చెప్తాను. సాధారణంగా ఒక చిన్న బీప్ వస్తే అంతా బాగున్నట్టు, ఆగకుండా అరిచిందంటే చాలాసార్లు ర్యామ్, అంటే మెమరీ పలక గొడవే. అది తీసి, రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టడం ఈ లైన్లో ఉన్న ప్రతివాడికీ తెలిసిన వైద్యం. తెర నల్లగా ఉన్నప్పుడు చాలా సిస్టమ్స్‌లో రోగం చెప్పేది ఆ బీపే.

ఇక విండోస్ సంగతి. 95 వెర్షన్‌కి ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సంగీతం చేసింది బ్రయన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు. కొన్ని సెకన్ల ముక్క కోసం 84 ముక్కలు చేశానని ఆయనే చెప్పాడు. అదీ మ్యాక్ మీద చేశాడట, నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. తర్వాత వచ్చిన విస్టా వెర్షన్ శబ్దంలో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ చెయ్యి కూడా ఉంది. అయితే 2006లో విస్టా ఇంకా తయారవుతుండగా, ఈ శబ్దాన్ని వాడేవాళ్లు ఆపడానికి వీల్లేకుండా పెడతామని మైక్రోసాఫ్ట్ అనుకుంది. నా డబ్బుతో నేను కొన్న పెట్టె, నా ఇంట్లో, నేను వద్దన్నా అరుస్తుందట! జనం గోల చేశాక వెనక్కి తగ్గి ఆపే టిక్ పెట్టారు. ఆ టిక్కే ఇప్పటికీ మనకున్న హక్కు.

విండోస్ 8 వచ్చినప్పుడు శబ్దాన్ని మామూలుగా ఆఫ్‌లోనే ఉంచారు, 10లోనూ అంతే. 2021లో 11 వచ్చాక మళ్లీ ఆన్ చేసి ఇస్తున్నారు. ఆపాలంటే సెట్టింగ్స్, పర్సనలైజేషన్, థీమ్స్, సౌండ్స్, అక్కడ "ప్లే విండోస్ స్టార్టప్ సౌండ్" ముందున్న టిక్ తీసి ఓకే కొట్టాలి. శబ్దం ఆపడానికి థీమ్స్‌లోకి వెళ్లాలని ఎవరికి తడుతుంది? అందరూ ముందు వాల్యూమ్ దగ్గరే వెతుకుతారు. అయినా ఒకసారి దారి తెలిస్తే పది సెకన్ల పని, కాబట్టి ఆపే విషయంలో విండోస్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను.

మార్చుకునే విషయంలో మాత్రం ఒకటే. ఎక్స్‌పీ రోజుల్లో "స్టార్ట్ విండోస్" అన్న చోట మనకి నచ్చిన వేవ్ ఫైలు పెట్టుకునేవాళ్లం. అప్పట్లో మా అమ్మాయికి నాలుగేళ్లు. సౌండ్ రికార్డర్‌లో దాని గొంతు రికార్డు చేసి నా సిస్టమ్‌కి పెట్టాను, ఆన్ చేస్తే "నాన్నా, టిఫినయ్యిందా?" అని అడిగేది. కస్టమర్లు అది వినడానికే రెండోసారి రీస్టార్ట్ చేయించేవారు. విస్టా నుంచి ఆ శబ్దం ఇమేజ్‌రెస్ అనే డీఎల్ఎల్ ఫైలులో, అంటే విండోస్ లోపలి సిస్టమ్ ఫైలులో కూర్చుంది. ఉంటే అది, లేకపోతే నిశ్శబ్దం, మూడో దారి సెట్టింగ్స్‌లో లేదు. 8 నుంచి లాగాన్, లాగాఫ్ శబ్దాలు కూడా ఆ జాబితాలోంచి పోయాయి. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊళ్లో ఉన్నాం, ద్వారం వారి వయొలిన్ ముక్కో, ఓ సన్నాయి పలుకో వినిపిస్తూ సిస్టమ్ లేస్తే ఎంత బాగుంటుంది! లేదు, అందరికీ అదే టంగుటంగు.

మ్యాక్ గురించి నాకు పెద్ద అనుభవం లేదు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడి దగ్గర చూసిందే. ఆన్ చేస్తే వచ్చే ఆ గంభీరమైన శబ్దం యాపిల్‌లో పనిచేసిన జిమ్ రీక్స్ చేసింది, 1991 నాటి క్వాడ్రా అనే మ్యాక్‌తో మొదలైంది. ఆపడానికి చాలా ఏళ్లు సెట్టింగే లేదు, షట్‌డౌన్ చేసే ముందు మ్యూట్ నొక్కి పెట్టుకోవడమే ఉపాయం. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో వాళ్లే తీసేశారు, 2020లో బిగ్ సర్ అనే మ్యాక్ వెర్షన్‌తో వెనక్కి తెచ్చి, ఈసారి సౌండ్ సెట్టింగ్స్‌లోనే టిక్ పెట్టారు. ఉండాల్సిన చోటే ఉంది. మార్చుకోవడం అక్కడా కుదరదు.

షాపులో మూడు పాత సిస్టమ్స్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను, విండోస్ 11 వాటి వల్ల కాదు కాబట్టి. అందులో సౌండ్ సెట్టింగ్స్‌లో "సౌండ్స్" అని ఒక ట్యాబ్, దాంట్లో సిన్నమన్ (మింట్ డెస్క్‌టాప్ పేరు) మొదలైనప్పుడు, మూసినప్పుడు ఏం మోగాలో విడివిడిగా స్విచ్చులు, పక్కనే ఫైలు మార్చుకునే బటన్, మోగించి చూసుకునే బటన్. ఇంతే కదా కావాల్సింది. ఐదుకి ఐదు. అయితే ఇది లాగిన్ అయ్యాక వచ్చే డెస్క్‌టాప్ శబ్దం, అందుకే ఎవరి అకౌంట్‌కి వాళ్లు పెట్టుకోవచ్చు. విండోస్ శబ్దం లాగిన్‌కి ముందే వచ్చేస్తుంది, ఆన్ చేసింది ఎవరో దానికి ఇంకా తెలీదు.

అన్నీ ఆపేయండని నేను అనడం లేదు. మా దగ్గరికి చూపు లేని లెక్చరర్ గారు ఒకరు వస్తారు. "బాబూ, మీకు తెర కనిపిస్తుంది, నాకు ఆ శబ్దమే తెర" అన్నారు ఓసారి, ఆయన కూర్చునే సిస్టమ్‌లో నేను టిక్ తీసేసినప్పుడు. వెంటనే మళ్లీ పెట్టేశాను. ఆయన వాడే ఎన్‌వీడీఏలో, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లో, అది మొదలైనప్పుడూ మూసినప్పుడూ మోగే శబ్దాన్ని ఉంచుకోవాలో వద్దో జనరల్ సెట్టింగ్స్‌లోనే అడుగుతుంది.

విండోస్ 11లో సొంత శబ్దం కావాలనే వాళ్లకి ఒక అడ్డదారి ఉంది. విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన వేళకి పని చేసిపెట్టేది) కొత్త టాస్క్ పెట్టి, "ఎట్ లాగాన్" ఎంచుకుని, పవర్‌షెల్ అనే కమాండ్ల టూల్‌తో మీ వేవ్ ఫైలు వాయించమని రాయాలి. లాగిన్ అయ్యాక ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, డీఎల్ఎల్ ఫైలు కెలకడం కంటే నయం. పాత హార్డ్ డిస్క్ వెతికి అమ్మాయి ఫైలు బయటికి తీసి నా సిస్టమ్‌కి అలాగే పెట్టాను. అది ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తోంది, ఫోన్‌లో వినిపిస్తే "అబ్బా నాన్నా, తీసెయ్, కస్టమర్లు నవ్వుతారు" అంది. తీయలేదు.