మూడు యూనిట్ల మెష్ వైఫై కిట్: డబ్బాలు మంచివే, ఎక్కడ పెట్టాలో చెప్పే యాప్‌తోనే తంటా

ఆరు నెలలు వాడాక రాస్తున్నాను. మెష్ అంటే ఇల్లంతా వైఫై అందేలా తలోచోట పెట్టే డబ్బాలు (యూనిట్లు): ఒకటి ఇంటర్నెట్ వచ్చే మెయిన్ రౌటర్, మిగతావి దాని సిగ్నల్ అందుకుని ముందుకు పంపుతాయి. కిట్ మంచిది, కొనొచ్చు. కానీ యూనిట్లు ఎక్కడ పెట్టాలో దీని యాప్ చెప్పినట్టు మాత్రం చేయకండి, మొదటి రెండు వారాలు నేను పడ్డ అవస్థంతా దానివల్లే.

సిగ్నల్ రాని గదిలోనే రెండో యూనిట్ పెట్టమంది యాప్. పెట్టాను. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించేవి, వీడియో కాల్ మాత్రం మాటిమాటికీ ఆగిపోయేది, మీటింగ్ అంటేనే టెన్షన్. ఆ గీతలు ఫోన్‌కీ పక్కనున్న డబ్బాకీ మధ్య సంగతే చెబుతాయని, ఆ డబ్బాకి మెయిన్ రౌటర్ నుంచి ఎంత అందుతోందో చెప్పవని తర్వాత అర్థమైంది. ఫోన్‌కే సిగ్నల్ అందని మూలలో డబ్బాకి మాత్రం ఎక్కడి నుంచి అందుతుంది?

దాన్ని సగం దూరానికి, మెట్ల దగ్గరికి జరిపాను. యాప్‌లో ఎక్కడో లోపల ఉన్న పేజీలో రెండు యూనిట్ల మధ్య సిగ్నల్ మైనస్ 81 డీబీఎం నుంచి మైనస్ 62కి వచ్చింది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది). 3 డీబీ పెరిగితేనే శక్తి రెట్టింపు, అంటే ఈ 19 డీబీ దాదాపు 80 రెట్లు! ఇంత ముఖ్యమైన అంకెను మొదటి పేజీలో చూపించకుండా ఒక పచ్చ చుక్క పెట్టి 'బాగుంది' అని సరిపెట్టారు. నా పెద్ద కంప్లైంట్ ఇదే.

మూడోదాన్ని మొదట ఇనుప బీరువా మీద పెట్టాను, అది నా తప్పు, ఇనుము దాటి సిగ్నల్ పోదు. చెక్క అరలోకి మార్చాక కూడా జానెడు అటూ ఇటూ జరిపితే అంకె మారిపోతోంది. వైఫై వాడే రేడియో అలల్లో 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది 6 దాకా, గోడలకు తగిలి తిరిగొచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడతాయి, కాస్త పక్కనే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకే ఒక్కచోట కొలిచి తేల్చేయకండి, చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి.

మెయిన్ యూనిట్‌కి మడిచే యాంటెన్నాలు రెండున్నాయి, ఇది నాకు బాగా నచ్చింది. నిలువుగా ఉన్న కడ్డీ సిగ్నల్‌ను చుట్టూ పక్కలకు పంపుతుంది, కొన వైపు దాదాపు ఏమీ పోదు. నా పై అంతస్తు యూనిట్ సరిగ్గా దాని నెత్తిమీద ఉంది, ఒక కడ్డీని అడ్డంగా వంచేసరికి అక్కడ తేడా తెలిసింది.

యూనిట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉంది, దీనికి పూర్తి మార్కులు. అది లేని కిట్లలో ఒకే రేడియో ఫోన్‌తోనూ రౌటర్‌తోనూ వంతులేసుకుని మాట్లాడాలి, వేగం సగానికి పడిపోతుంది. నడుస్తూ మాట్లాడినా కాల్ తెగట్లేదు. ఒక్కో యూనిట్‌కి లాన్ పోర్ట్ (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఒక్కటే ఇవ్వడం బాగాలేదు.

చిన్న ఇల్లయితే రెండు యూనిట్లు చాలు. మూడూ దగ్గరదగ్గరగా పెడితే ఒకదానికొకటి అడ్డం, ఫోన్ కూడా దూరంగా ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది. యూనిట్ల మధ్య కేబుల్ లాగగలిగితే మాత్రం సగం దూరం లెక్క అక్కర్లేదు, సిగ్నల్ రాని గది మధ్యలోనే పెట్టేయండి.